కిటికీ చూసి అడ్వాన్సు ఇవ్వండి



ఈ రోజు ముచ్చట కిటికీ గురించి. "కిటికీ గురించి చెప్పేదేముంది? తెరిస్తే గాలి వస్తుంది, మూస్తే ఆగుతుంది" అంటారేమో. ఊళ్లో సొంత ఇంట్లో ఉన్నవాళ్లకు అంతే. పట్నంలో కిరాయికి దిగినవాళ్లకు కిటికీతో చాలా పని ఉంది.

ఝరాసంగం చుట్టుపక్కల పట్నం పోయిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం. జహీరాబాదులో బస్సెక్కుతారు. సదాశివపేట దాటుతుంది. సంగారెడ్డి దాటుతుంది. పటాన్‌చెరు వస్తుంది. ఆ తర్వాత రామచంద్రాపురం, లింగంపల్లి. అంతా బొంబాయి పోయే పెద్ద రోడ్డే. దాని పొడుగునా ఫ్యాక్టరీలు ఉన్నాయి. కొత్తగా కట్టే మేడలు ఉన్నాయి. ఊడ్చి తుడిచే ఆఫీసులు ఉన్నాయి. దూరం వంద కిలోమీటర్ల దాకా. రోజూ పోయి రావడం కుదరదు. అందుకని అక్కడే ఒక అర్ర కిరాయికి తీసుకుంటారు.

ఒక అక్క ఉన్నదనుకోండి. ఊరు ఝరాసంగం. భర్త మేస్త్రీ దగ్గర పనిచేస్తాడు. ఆమె ఒక ఆఫీసులో ఊడ్చి తుడుస్తుంది. ఇద్దరు పిల్లలు. మూడంతస్తుల ఇంట్లో, మెట్ల పక్కన ఒక అర్ర ఖాళీగా ఉందని తెలిసింది. చూడటానికి పోయింది. నల్లా ఎప్పుడొస్తుందని అడిగింది. కరెంటు బిల్లు కలిపా, వేరా అని అడిగింది. లెట్రిన్ ఎంతమందికి అని అడిగింది. కిరాయి రెండువందలు తగ్గించమని కొట్లాడింది. అడ్వాన్సు చేతిలో పెట్టింది. ఇన్ని అడిగిన అక్క కిటికీ వైపు తిరిగి చూడలేదు.

చాలామంది అంతే. దానికి కారణం ఉంది. ఊరి ఇల్లు వేరు. రాతి గోడో, మట్టి గోడో, మూరెడు మందం ఉంటుంది. కిటికీ ఉంటే చిన్నది. పాత మిద్దె ఇళ్లలో వెలుతురుకు పైన గవాచి ఉండేది. ఇంటి ముందు అరుగు. అరుగు మీద ఒక ముసలమ్మ. కొత్త మనిషి గల్లీలోకి వస్తే చాలు, "ఎవరింటికి బిడ్డా?" అని అడుగుతుంది. సగం తాళం ఆ ముసలమ్మే. పట్నంలో ఆ ముసలమ్మ లేదు. గోడ సన్నం, కిటికీ పెద్దది. పొద్దున్నే అందరూ పనికి పోతారు. మెట్లు ఎవరెక్కినా అడిగే దిక్కు ఉండదు.

దొంగలు గోడకు కన్నం వేసే కాలం ఒకటి ఉండేది. 'మృచ్ఛకటికం' అని వెనకటి సంస్కృత నాటకం ఉంది. శూద్రకుడు రాశాడు. అందులో శర్విలకుడనే దొంగ ఒక ఇంటికి కన్నం వేస్తాడు. ముందు గోడంతా చూస్తాడు. నీళ్లు పడి పడి ఎక్కడ మెత్తబడిందా అని వెతుకుతాడు. కొలవడానికి తాడు మరిచిపోతే తన జంధ్యంతోనే కొలుస్తాడు. ఇప్పటి దొంగకు అంత కష్టం అక్కరలేదు. గోడలో మెత్తని చోటు ఎక్కడుందో అతనికి తెలుసు. అదే కిటికీ.

అక్క అర్రకు ఒక్కటే దర్వాజ. దర్వాజ పక్కనే కిటికీ. రెండింటికీ నడుమ జానెడు గోడ. రాత్రి లోపల గడియ పెట్టి పడుకుంటారు. ఎండాకాలం. ఉక్కపోత. కిటికీ రెక్కలు తెరిచి ఉంచుతారు. సలాకలు ఉన్నాయి కదా అని ధైర్యం. సలాకల నడుమ మనిషి దూరడు, నిజమే. కాని చెయ్యి దూరుతుంది. ఆ చెయ్యి పక్కకు వంగి గడియ తీస్తుంది. చెయ్యి అందకపోతే వంచిన ఇనుప తీగ అందుతుంది. ఒక్క సలాక కూడా కోసే పని లేదు. దొంగ దర్వాజలోంచే నడిచి లోపలికి వస్తాడు. తాళం వేశాను, గొళ్లెం మరిచాను అన్న సామెత ఇట్లాంటి అర్రలకే సరిపోతుంది.

మీ అర్రలో ఈ లోపం ఉందో లేదో పగటిపూట చూసుకోవచ్చు. లోపల ఒకరిని ఉంచి గడియ పెట్టించండి. మీరు బయట నిలబడండి. సలాకల్లోంచి చెయ్యి భుజం దాకా పెట్టండి. గడియ అందుతుందా? అందకపోతే పొడుగు గరిటె పట్టుకుని మళ్లీ చూడండి. గరిటెకు అందితే దొంగకు అందినట్టే.

అందితే ఏం చేయాలి? కిటికీకి దూరంగా, తలుపు అడుగున ఇంకొక గడియ పెట్టించాలి. కిటికీ నుంచి చెయ్యి అంత కిందికి రాదు. హార్డ్‌వేరు దుకాణంలో చిన్న గడియ దొరుకుతుంది. నాలుగు స్క్రూలతో బిగుస్తుంది. తలుపు చెక్క పుచ్చిపోయి ఉంటే పొట్టి స్క్రూలు పట్టవు, పొడుగువి అడగండి. లేదా, దర్వాజ వైపు ఉన్న సగం కిటికీకి సన్నని ఇనుప జాలి కొట్టించండి. ఇనుప జాలి అంటే ఇనుప జాలే. దోమల జాలి కాదు. దోమల జాలి దోమను ఆపుతుంది. దొంగ దాన్ని బ్లేడుతో కోస్తాడు.

"ఇదంతా మగవాళ్ల పని కదా" అనే అక్కలు ఉంటారు. ఝరాసంగం మండలంలోనే మాచునూరు ఉంది. 2008లో అక్కడ సంగం రేడియో మొదలైంది. మైకు పట్టింది, మిషన్లు నడిపింది పల్లె ఆడవాళ్లే. స్క్రూడ్రైవరు తిప్పడం దానికంటే పెద్ద విద్య కాదు.

చెయ్యి దూరే కిటికీతో ఇంకో బాధ ఉంది. దొంగ లోపలికి రానే అక్కరలేదు. కర్రకు కొక్కెం కడతాడు. కిటికీలోంచి పెట్టి గోడకు వేలాడే సంచి లాగుతాడు. చొక్కా జేబు లాగుతాడు. కిటికీ పక్కన ప్లగ్గులో సెల్‌ఫోను ఛార్జింగుకు పెట్టి ఉంటే అది పోయిందే అనుకోండి. అందుకని ఫోను, డబ్బు, సంచి, తాళంచెవి కిటికీకి ఎదురు గోడన పెట్టుకోవాలి. పక్క కూడా అంతే. తల కిటికీ వైపు పెట్టి పడుకోవద్దు. మెడలో పుస్తెలతాడు ఉంటుంది. బయటి చేతికి అది అందే దూరంలో ఉండకూడదు. కాళ్లు అటు, తల ఇటు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు సలాకల సంగతి. కిటికీకి ఇనుము కనబడగానే గట్టిదని నమ్మవద్దు. రూపాయి బిళ్లతో కొట్టి చూడండి. ఖంగుమని డొల్ల చప్పుడు వస్తే అది పైపు. గట్టి సలాక అయితే చప్పుడు మొద్దుగా ఉంటుంది. డొల్ల పైపు వంగుతుంది. లోపలి నుంచి తుప్పు తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. తుప్పు ఎక్కువగా అడుగున పడుతుంది. వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. అందుకని సలాక మొదట్లో గోరుతో గీకి చూడండి. పొరలు పొరలుగా రాలితే లోపలి ఇనుము పోయిందని తెలుసుకోండి.

సలాకలకు నడుమ ఎంత సందు ఉండాలి? నాలుగంగుళాలకు మించకూడదు. అంటే నాలుగు వేళ్లు కలిపి పట్టుకుంటే ఎంత వెడల్పో, దానికి కొంచెం ఎక్కువ. అంతకంటే వెడల్పయితే చిన్న పిల్ల తల దూర్చి ఇరుక్కుంటుంది. సందు చిన్నగా ఉంటే పెద్దవాళ్ల భుజం కూడా పట్టదు.

గ్రిల్లు ఎంత గట్టిదైనా దాన్ని గోడకు ఎట్లా బిగించారన్నది అసలు సంగతి. కొన్ని గ్రిల్లుల కాళ్లు గోడలోకి పోయి సిమెంటులో పూడి ఉంటాయి. అవి మంచివి. కొన్ని బయటి వైపు నుంచి స్క్రూలతో బిగించి ఉంటాయి. బయట నిలబడి స్క్రూడ్రైవరు తిప్పితే గ్రిల్లుకు గ్రిల్లే ఊడి చేతికి వస్తుంది. బయటికి వెళ్లి చూడండి. స్క్రూ తల గాడి కనబడుతుందా? కనబడితే వెల్డింగు అతన్ని పిలవండి. ప్రతి స్క్రూ తల మీద ఒక చుక్క వెల్డింగు పెట్టమనండి. గాడి మూసుకుపోతుంది. ఇక అది తిరగదు. చిన్న పని, గ్రిల్లు మార్చే ఖర్చు ఉండదు.

కొత్త మేడల్లో చెక్క రెక్కలు పోయాయి. పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు వచ్చాయి. చూడటానికి సోకుగా ఉంటాయి. వాటి కొక్కెం బలహీనం. గట్టిగా ఊపితే వదిలేస్తుంది. ఇంకో లోపం ఏమంటే, కొన్ని కిటికీల్లో అద్దం రెక్కను పైకి లేపితే పట్టాలోంచి ఊడి వస్తుంది. దీనికి కర్ర ముక్క మందు. లోపల, కింది పట్టాలో రెక్క జరిగే దారి పొడుగు కొలవండి. సరిగ్గా అంతే పొడుగున్న కర్రముక్క కోసి అందులో పడుకోబెట్టండి. ఇక రెక్క జరగదు. చీపురు కర్ర అయినా సరే. గాలి కావాలంటే కర్ర మూడంగుళాలు పొట్టిగా కోయండి. అంతమేరకే తెరుచుకుంటుంది. రెక్క పైకి లేవకుండా పై పట్టాలో ఒక చిన్న స్క్రూ బిగిస్తే ఆ పని కూడా అయిపోతుంది.

బాత్‌రూము వెంటిలేటరును ఎవరూ పట్టించుకోరు. దానికి గాజు పలకలు ఒకదాని కింద ఒకటి ఏటవాలుగా పెట్టి ఉంటాయి. పగలగొట్టే పని లేదు. ఒక్కొక్కటి మెల్లగా లాగితే వస్తుంది. సన్నటి మనిషి, లేదా పిల్లవాడు అందులోంచి దూరగలడు. దానికి లోపలి వైపు అడ్డంగా రెండు సలాకలు చాలు. కూలరు సంగతి కూడా అంతే. ఎండాకాలం వస్తే కూలరు పెట్టడానికి గ్రిల్లు సగం కోస్తారు. దసరా నాటికి కూలరు తీసేసి అటక మీద పెడతారు. కోసిన కంత అట్లాగే ఉంటుంది. దానికి అట్ట అడ్డం పెడతారు. అట్ట!

ఇంతవరకు విని, కిటికీ పూర్తిగా ఇనుప రేకుతో మూసేద్దాం అనుకుంటారేమో. ఆగండి.

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు దగ్గర బోయిగూడలో ఒక పాత సామాన్ల గోదాముకు మంటలు అంటుకున్నాయి. పైన అర్రలో బీహారు నుంచి కూలికి వచ్చిన 12 మంది పడుకుని ఉన్నారు. 11 మంది చనిపోయారు. కిందికి దిగే దారి ఒక్కటే. ఆ దారి నిండా మంట, పొగ. ఒక్కడు మాత్రం పైనుంచి దూకి బతికాడు. వాళ్లూ ఊరు వదిలి పనికి వచ్చినవాళ్లే. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు వచ్చాయి. 17 మంది పోయారు. వాళ్లలో ఎనిమిది మంది చిన్న పిల్లలు. ఆ ఇంటికీ దారి ఒక్కటే, అదీ ఇరుకు.

దొంగ సొమ్ము తీసుకుపోతాడు. సొమ్ము మళ్లీ సంపాదించుకోవచ్చు. మంట వచ్చిన రాత్రి కిటికీ తెరుచుకోకపోతే మనుషులే దక్కరు. కాబట్టి అర్రకు ఒక్కటే దర్వాజ ఉంటే, ఒక్క కిటికీ గ్రిల్లయినా తెరుచుకునేటట్టు ఉండాలి. వెల్డింగు షాపులో చెబితే చేస్తారు. గ్రిల్లు నడుమ తలుపులాంటి భాగం పెడతారు. దానికి మడతబందులు, లోపలి వైపు తాళం. పెద్దమనిషి భుజాలు పట్టాలి. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే మంచిది.

మరి తాళంచెవి ఎక్కడ పెట్టాలి? ట్రంకు పెట్టెలో పెడితే మంటల్లో వెతకలేరు. కిటికీ పక్కన మేకుకు పెడితే దొంగకు ఇచ్చినట్టే. కిటికీ నుంచి చెయ్యీ కర్రా అందని చోట, చీకట్లో కూడా ఇంట్లో వాళ్ల చేతికి తగిలే చోట ఒక మేకు కొట్టండి. అది ఎప్పుడూ అక్కడే ఉండాలి. ఒక రాత్రి కరెంటు తీసేసి, కళ్లు మూసుకుని తాళం తీసి చూడండి. ఊపిరి ఆపి ఇరవై లెక్కపెట్టేలోపు గ్రిల్లు తెరుచుకోవాలి. పిల్లలకు కూడా నేర్పండి. పిల్లలు దీన్ని ఆటలాగా తొందరగా నేర్చుకుంటారు. రాత్రిపూట దర్వాజకు లోపల తాళం వేసే అలవాటు ఉంటే, ఆ చెవికి కూడా ఇదే మాట.

గాలి సంగతి కూడా ఉంది. ఒకే అర్రలో వంట, పడక. గ్యాసు సిలిండరు మంచం పక్కనే. గ్యాసు గాలికంటే బరువు. లీకయితే పైకి పోదు, నేలమీదనే పరుచుకుంటుంది. కిటికీలన్నీ బిగించి ఉంటే అది బయటికి పోయే దారి లేదు. వాసన రాగానే అగ్గిపుల్ల గీయవద్దు. కరెంటు స్విచ్చు వేయవద్దు, ఆర్పవద్దు. దర్వాజ, కిటికీలు తెరవండి. రెగ్యులేటరు కట్టండి. బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. చలికాలం మూసిన అర్రలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవాళ్లు ఉంటారు. దాని విషపు గాలికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కిటికీ పై భాగం కొద్దిగా తెరిచి ఉంచి, సలాకలు గట్టిగా ఉంచుకోవడమే మేలు.

పై అంతస్తుల్లో ఉండేవాళ్లకు దొంగ భయం తక్కువ, పిల్లల భయం ఎక్కువ. కిటికీ కింద మంచం వేస్తే పిల్లవాడు మంచం ఎక్కి కిటికీ ఎక్కుతాడు. అమెరికాలో న్యూయార్కు అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ కిటికీల్లోంచి పిల్లలు పడి చనిపోవడం ఎక్కువైతే 1976లో ఒక చట్టం చేశారు. పదేళ్లు, అంతకు లోపు పిల్లలున్న ఇంటి కిటికీలకు ఓనరే సలాకలు పెట్టించాలి. కిరాయిదారు బతిమాలే పని లేదు. అయితే మంట వస్తే దిగిపోవడానికి వదిలిన కిటికీకి మాత్రం ఆ సలాకలు పెట్టకూడదు. దొంగ, పిల్లవాడు, మంట అన్నీ ఆలోచించి చేసిన చట్టం అది. ఇక్కడ అట్లాంటి చట్టం లేదు. కాబట్టి ఓనరుతో మాట్లాడుకోవాలి.

ఓనరు ఏమంటాడు? "ఉంటే ఉండు, లేకపోతే ఖాళీ చెయ్యి" అనే ఓనర్లు ఉన్నారు. "మీరే పెట్టించుకోండి" అనేవాళ్లు ఉన్నారు. మంచిగా చెబితే చేయించేవాళ్లూ ఉన్నారు. ఇల్లు చెడితే నష్టం వాళ్లకే కదా. ఏ మాట అన్నా, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షనులో కొన్ని సంగతులు ఉన్నాయి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అవి వర్తిస్తాయి.

ఓనరు చేయించవలసిన రిపేరు అతనికి తెలియజేయాలి. తగిన గడువు ఇవ్వాలి. అయినా చేయించకపోతే కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో కోసుకోవచ్చు. ఇది అన్ని రిపేర్లకూ వర్తించదు. ఓనరు బాధ్యత ఉన్నవాటికే. కాబట్టి తొందరపడి కిరాయి ఆపవద్దు. ముందు కాగితం మీద పెట్టాలి. రెండో సంగతి, ఓనరు ఒప్పుకోకుండా గోడలు పగలగొట్టి పక్కా కట్టడాలు కట్టకూడదు. మూడోది చాలామందికి తెలియదు. మీ పైసలతో బిగించిన గ్రిల్లును ఖాళీ చేసే లోపు మీరే ఊడదీసి తీసుకుపోవచ్చు. ఇల్లు మీకు ఇచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లా అప్పగించాలి, అంతే. కంతలు పడితే సిమెంటుతో పూడ్చాలి.

గ్రిల్లు మీరే చేయించుకుంటే వెల్డింగు షాపులో కిలో లెక్కన తీసుకుంటారు. తూకం మీ ముందే వేయించండి. కూరగాయల దగ్గర తూకం చూసే అక్కలు ఇనుము దగ్గర చూడకుండా వస్తారు.

కిరాయి ఒప్పందం ఎక్కువగా 11 నెలలకు రాస్తారు.  ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు రిపేర్ల గురించి రాసిన లైను ఎక్కడుందో వెతికి చదవండి. "అన్ని రిపేర్లు కిరాయిదారువే" అని ఉంటే అక్కడ ఆగండి. కిటికీలు, తలుపులు ఓనరు చూసుకోవాలని రాయించండి. కిరాయి కట్టిన ప్రతిసారి రశీదు అడగండి.

పండుగలకు అందరూ ఊరికి వస్తారు. దసరాకు వస్తారు. సంక్రాంతికి వస్తారు. శివరాత్రికి కేతకీ సంగమేశ్వరుని జాతరకు ఝరాసంగం రానివాళ్లు ఉండరు. ఆ మూడు నాలుగు రోజులు పట్నంలో అర్రలకు అర్రలు తాళాలు వేసి ఉంటాయి. దొంగలకు పంచాంగం బాగా తెలుసు. ఊరికి వచ్చేముందు వెంటిలేటరుతో సహా అన్ని కిటికీలు మూశారా చూసుకోండి. పాల ప్యాకెట్టు అతన్ని, పేపరు అతన్ని రావద్దని చెప్పండి. గుమ్మం ముందు ప్యాకెట్లు పడి ఉంటే ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. పక్క అర్రవాళ్లకు చెప్పండి. వాళ్లు ఊరికి పోయినప్పుడు వాళ్ల కిటికీ మీరు చూడండి. పోలీసు ఠాణాలో కూడా చెప్పిపోవచ్చు. పండుగలప్పుడు చెప్పి వెళ్లమని పోలీసులే అడుగుతుంటారు. బంగారం అర్రలో పెట్టి రావద్దు.

ఒకవేళ దొంగతనం జరిగిందనుకోండి. ఏదీ ముట్టుకోవద్దు, సర్దవద్దు, ఊడ్వవద్దు. కిటికీ గాజు మీద, సలాక మీద దొంగ వేలిముద్రలు ఉంటాయి. చదువు నేర్చుకుని వేలిముద్ర మానేసినవాళ్లకు ఇది నవ్వు తెప్పిస్తుంది. దొంగ ఎంత చదివినా అతనిది వేలిముద్రే. 112కు ఫోను చేయండి. ఠాణాకు పోయి ఫిర్యాదు రాసి ఇవ్వండి. "ఇది మా హద్దు కాదు" అన్నా సరే, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. దొంగ "కిటికీ తెరిచే ఉంది, నేను పగలగొట్టలేదు" అంటే చెల్లదు. దొంగతనానికి కిటికీలోంచి దూరినా ఇల్లు ఛేదించినట్టే అని 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఉంది. మనుషులు ఉండే ఇంట్లో దొంగతనానికి 305వ సెక్షను కింద ఏడేళ్ల దాకా జైలు.

సెల్‌ఫోనుకు ఒక నంబరు ఉంటుంది. స్టారు, హాషు, సున్నా, ఆరు, హాషు నొక్కండి. పదిహేను అంకెలు కనబడతాయి. ఈ రోజే నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోను పోయాక ఆ నంబరు పోలీసులకు ఇస్తే, సి.ఇ.ఐ.ఆర్. అనే పద్ధతిలో ఫోనును పనిచేయకుండా ఆపుతారు, వెతుకుతారు. 2023 నుంచి ఈ పద్ధతి దేశమంతా ఉంది. అంకెలు ఫోనులోనే రాసి పెట్టుకుంటే ఏం లాభం? ఫోనుతోపాటే పోతాయి.

ఇక మొదట చెప్పిన అక్క ఓనరుకు ఉత్తరం రాయాలి. ఎట్లా రాస్తుంది? ఇట్లా రాయవచ్చు:

"ఇంటి యజమాని గారికి నమస్కారం.

మేము మీ ఇంట్లో మొదటి అంతస్తు, మెట్ల పక్క గదిలో కిరాయికి ఉంటున్నాము. గది కిటికీకి మూడు సలాకలు అడుగున తుప్పు పట్టి కదులుతున్నాయి. కిటికీలోంచి చెయ్యి పెడితే తలుపు గడియ అందుతున్నది. గదికి వేరే దారి లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు. దయచేసి పదిహేను రోజుల్లో సలాకలు మార్పించగలరు. గ్రిల్లులో ఒక భాగం లోపలి నుంచి తెరుచుకునేటట్టు చేయించగలరు. తలుపు అడుగున గడియ మేమే పెట్టించుకుంటాము. మీ అనుమతి కోరుతున్నాము.

ఇట్లు,
మీ కిరాయిదారు."

కింద సంతకం. పక్కన తేదీ. తేదీ మరిచిపోతే పదిహేను రోజులు ఎప్పటి నుంచో చెప్పలేరు. ఉత్తరం రెండు కాగితాల మీద రాయాలి. ఒకటి ఓనరుకు ఇవ్వాలి. రెండో దాని మీద "అందింది" అని ఓనరు చేత రాయించి సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే స్పీడు పోస్టులో పంపాలి. పోస్టాఫీసు ఇచ్చిన రశీదును కాపీకి గుచ్చి, కిరాయి రశీదులతో కలిపి ట్రంకు పెట్టెలో దాచుకోవాలి.